బిడ్డ ఒంటికి ఆక్సిజన్ అందుతోందా? – ఐసీయూలో కనిపించే అంకెలు, చేతికి తెలిసే గుర్తులు



పిల్లల ఐసీయూ బయట కూర్చున్న తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది. "ఆక్సిజన్ 98 ఉందంటున్నారు కదా, మరి బిడ్డను ఇంటికి ఎందుకు పంపరు?" ఈ పీడీఎఫ్ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు. పది నిమిషాలు కేటాయించి చదవండి. ఇంట్లో చదవలేని పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి.

ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన మూడు మాటలు:

1. రక్తంలో ఆక్సిజన్ ఉండటం వేరు, అది మెదడుకు, కిడ్నీకి, కండకు చేరడం వేరు.
2. వేలికి పెట్టే క్లిప్పు మొదటిదాన్ని మాత్రమే చూపిస్తుంది. రెండోది తెలుసుకోవడానికి డాక్టర్లు వేరే గుర్తులు, వేరే యంత్రాలు చూస్తారు. వీటిలో చాలావాటికి సూది గుచ్చే పని కూడా లేదు.
3. క్లిప్పులో అంకె బాగుందని, డాక్టర్ వద్దన్నా సంతకం పెట్టి బిడ్డను తీసుకుపోవద్దు.

■ 1. ఒక ఇంటి ఉదాహరణ

(ఇది విషయం అర్థం కావడానికి రాసిన కల్పిత ఉదాహరణ.)

కొండపల్లిలో బొమ్మలు చేసే కుటుంబం ఒకటి అనుకుందాం. దసరా ముందు రోజులు. బొమ్మల కొలువుకు ఆర్డర్లు ఉన్నాయి. ఇంటినిండా తెల్లపొణికి చెక్క ముక్కలు, రంగు డబ్బాలు. నాలుగేళ్ల బాబుకు నాలుగు రోజులుగా జ్వరం. ఐదో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. "హమ్మయ్య, జ్వరం దిగింది" అంది నాయనమ్మ. కానీ బాబు లేచి ఆడుకోలేదు. కడుపునొప్పి అంటున్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. రాత్రి నుంచి మూత్రానికి వెళ్లలేదు.

దగ్గర్లో క్లినిక్‌కు తీసుకెళ్తే వేలికి క్లిప్పు పెట్టారు. 98 చూపించింది. తండ్రికి ధైర్యం వచ్చింది. "ఆక్సిజన్ బాగుందిగా, ఇంటికి పోదాం, ఆర్డర్ ఇవ్వాలి" అన్నాడు. అప్పుడే వచ్చిన ఆశా కార్యకర్త బాబు అరచేయి పట్టుకుని చూసింది. "అన్నయ్యా, అంకె కాదు, ఒకసారి ఈ చేయి పట్టుకుని చూడండి. మంచులా ఉంది. 108కి ఫోన్ చేస్తున్నాను" అంది.

ఆమె చెప్పిందే సరైన మాట. డెంగ్యూలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గే వేళకే మొదలవుతుంది. సాధారణంగా 3వ రోజు నుంచి 7వ రోజు మధ్యలో. ఆ సమయంలో రక్తనాళాల నుంచి నీరు బయటకు కారిపోతుంది. నాళాల్లో రక్తం పలచబడటం కాదు, చిక్కబడుతుంది, పరిమాణం తగ్గుతుంది. ఊపిరితిత్తులు బాగానే పనిచేస్తుంటాయి కాబట్టి క్లిప్పులో 98 కనిపించవచ్చు. కానీ ఆ రక్తం చేతులకు, కిడ్నీకి, పేగులకు సరిపడా చేరదు. దీన్నే డాక్టర్లు షాక్ అంటారు. కరెంటు షాక్‌కు, దీనికి సంబంధం లేదు.

ఇలాంటి బిడ్డకు వెంటనే సెలైన్ లెక్క ప్రకారం ఎక్కించి, గంట గంటకూ కనిపెట్టుకుని ఉంటే చాలామంది కోలుకుంటారు. ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుంది. 98 అంకె చూసి ఇంటికి వెళ్లడం, చేయి పట్టుకుని చూసి ఆస్పత్రికి వెళ్లడం – ఈ రెండింటి మధ్య తేడా బిడ్డ ప్రాణం.

■ 2. ఆక్సిజన్ ఒంట్లో ఎలా తిరుగుతుంది?

మన వీధుల్లోకి వచ్చే మంచినీళ్ల టిన్నుల ఆటోను గుర్తు చేసుకోండి.

• నీళ్ల ప్లాంటు = ఊపిరితిత్తులు
• ఆటోలు = రక్తం (అందులోని హిమోగ్లోబిన్)
• నీళ్ల టిన్నులు = ఆక్సిజన్
• ఆటో నడిపే ఇంజిను = గుండె
• వీధులు = మెదడు, కిడ్నీ, పేగులు, చర్మం

ప్లాంటు దగ్గర బయల్దేరేటప్పుడు ఆటోలో 100 టిన్నుల చోటు ఉంటే 98 టిన్నులు నిండాయి. వేలి క్లిప్పు చూపించేది ఈ 98నే. ప్లాంటు బాగా పనిచేస్తోందని అర్థం. అంతవరకే.

ఇప్పుడు మూడు ఇబ్బందులు రావచ్చు.

మొదటిది: ప్లాంటే పాడైంది. ఆటోలో 80 టిన్నులే ఎక్కాయి. న్యుమోనియాలో జరిగేది ఇదే. క్లిప్పు ఈ ఇబ్బందిని బాగా పట్టేస్తుంది.

రెండోది: ఆటోలే తక్కువ. పది తిరగాల్సిన చోట ఐదే తిరుగుతున్నాయి. ఒక్కో ఆటోలో 98 శాతం నిండినా వీధికి వచ్చే నీళ్లు సగమే. ఇది రక్తహీనత. క్లిప్పులో అంకె మాత్రం 98గానే ఉంటుంది.

మూడోది: ఆటోలు ఉన్నాయి, టిన్నులు నిండాయి, కానీ డీజిల్ లేదు, ఇంజిను లాగడం లేదు. గంటకు పది ట్రిప్పులు తిరగాల్సింది మూడే తిరుగుతోంది. ఇది షాక్. డెంగ్యూ, విరేచనాల వల్ల నీరు పోవడం, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకడం, గుండె బలహీనపడటం – వీటన్నింటిలోనూ ఇలాగే అవుతుంది. ఇక్కడ కూడా క్లిప్పు చాలాసేపు మంచి అంకెనే చూపించవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నీళ్లు తక్కువైనప్పుడు ఆటో అతను ఏం చేస్తాడు? ముందు ఆస్పత్రి వీధికి ఇచ్చి, శివారు వీధులకు ఆపేస్తాడు. ఒళ్లు కూడా అంతే. రక్తం తగ్గితే మెదడును, గుండెను ముందు కాపాడుకుంటుంది. చర్మానికి, చేతులకు, కాళ్లకు, కిడ్నీకి, పేగులకు తగ్గిస్తుంది. అందుకే ఆపద ముందుగా తెలిసేది చేతుల్లో, పాదాల్లో, మూత్రంలో. పిల్లల్లో బీపీ చివరిదాకా నిలబడి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి "బీపీ బాగుంది" అన్నమాట కూడా ఒక్కటే సరిపోదు.

■ 3. వేలి క్లిప్పు: ఏం చేస్తుంది, ఎక్కడ తడబడుతుంది?

దీని పేరు పల్స్ ఆక్సీమీటర్. చీకట్లో పిల్లలు అరచేతి కింద టార్చిలైటు పెట్టి ఎర్రగా వెలుగుతుంటే చూసి ఆడుకుంటారు కదా, సూత్రం అదే. క్లిప్పులో రెండు వెలుగులు ఉంటాయి. ఒకటి ఎరుపు, రెండోది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ నిండిన రక్తం, ఆక్సిజన్ లేని రక్తం ఈ రెండు వెలుగులను వేర్వేరుగా పీల్చుకుంటాయి. నాడి కొట్టుకున్నప్పుడల్లా వచ్చే మార్పును లెక్కగట్టి యంత్రం అంకె చెబుతుంది. సూది లేదు, నొప్పి లేదు. ఈ ఉపాయాన్ని 1974లో జపాన్‌కు చెందిన ఇంజినీరు తకువో అవోయాగి కనిపెట్టారు. అంతకుముందు ఈ సంగతి తెలియాలంటే ధమని నుంచి రక్తం తీయాల్సి వచ్చేది.

మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఈ అంకె 95 లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది. 90 కంటే తగ్గితే ఆక్సిజన్ పెట్టాల్సిన పరిస్థితి. షాక్, మగత, ఫిట్స్ లాంటి అత్యవసర లక్షణాలు ఉంటే 94 కంటే తగ్గినా ఆక్సిజన్ పెడతారు.

రెండు మినహాయింపులు తెలుసుకోండి:

• పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్న పిల్లల్లో ఆపరేషన్ అయ్యేదాకా 75–85 మధ్య ఉండటం మామూలే కావచ్చు. మీ బిడ్డకు ఎంత ఉండాలో గుండె డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి.
• నెలలు నిండకుండా పుట్టిన శిశువుకు ఆక్సిజన్ పెట్టినప్పుడు 100 చూపించడం మంచిది కాదు. ఎక్కువ ఆక్సిజన్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతినవచ్చు. అందుకే నర్సులు కావాలనే ఆక్సిజన్ తగ్గిస్తుంటారు. "మా బిడ్డకు తగ్గించేశారు" అని కంగారు పడొద్దు.

క్లిప్పు తడబడే సందర్భాలు:

• చేతులు చల్లబడి, నాడి బలహీనంగా ఉన్నప్పుడు అంకె రాదు, లేదా తప్పుగా వస్తుంది. అంకె రాకపోతే "యంత్రం పాడైంది" అనుకోకండి. బిడ్డ చేతికి రక్తం రావడం లేదేమో అని ముందు అనుమానించాలి.
• బిడ్డ ఏడుస్తూ చేయి కదుపుతుంటే అంకె పైకీ కిందకీ దూకుతుంది.
• గోళ్లకు నెయిల్ పాలిష్, ముదురు గోరింటాకు ఉంటే కాలి వేలికో, పాదానికో పెట్టమని అడగండి.
• ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చని 2020 తర్వాత వచ్చిన పరిశీలనల్లో తేలింది. కాబట్టి 93, 94 దగ్గర ఊగిసలాడే అంకెను చూసి నిశ్చింతగా ఉండొద్దు.
• మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటర్ పొగ పీల్చినవాళ్లలో రక్తం విషవాయువుతో నిండిపోయినా క్లిప్పు మంచి అంకెనే చూపిస్తుంది. పొగ పీల్చిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

■ 4. యంత్రం అక్కర్లేని గుర్తులు

ఐసీయూలో డాక్టర్ వచ్చి ముందు మానిటర్ కాకుండా బిడ్డ పాదం పట్టుకుని చూస్తే ఆశ్చర్యపోకండి. ఆయన శివారు వీధికి నీళ్లు వస్తున్నాయా అని చూస్తున్నారు.

చేతులు, పాదాలు: ఒళ్లు వెచ్చగా ఉండి అరచేతులు, అరికాళ్లు చల్లగా, జిగటగా ఉంటే ప్రమాద సూచన.

గోరు పరీక్ష: గోరు మీద కానీ, రొమ్ము ఎముక మీద కానీ 5 సెకన్లు నొక్కి వదిలితే అక్కడ తెల్లబడుతుంది. మామూలుగా 2 సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. 3 సెకన్లు దాటితే రక్తం సరిగా చేరడం లేదని అనుమానం. ఏసీ గదిలో, చలిలో కొంచెం ఆలస్యం కావచ్చు. అందుకే డాక్టర్లు దీన్ని మిగతా గుర్తులతో కలిపి చూస్తారు.

ఈ గోరు పరీక్ష చిన్నదని తీసిపారేయకండి. 2019లో దక్షిణ అమెరికా దేశాల్లో షాక్‌లో ఉన్న 424 మంది పెద్దవాళ్లపై ఒక పరిశీలన జరిగింది. సగం మందికి రక్తంలో లాక్టేట్ అనే పరీక్ష చూస్తూ, సగం మందికి గోరు పరీక్ష చూస్తూ చికిత్స చేశారు. గోరు పరీక్ష చూసి చేసిన చికిత్స ఏమాత్రం తీసిపోలేదు.

మూత్రం: కిడ్నీకి రక్తం తగ్గితే మూత్రం తగ్గుతుంది. అందుకే ఐసీయూలో సంచి పెట్టి ప్రతి గంటా కొలుస్తారు. ఇంటి దగ్గర బిడ్డ 6 గంటలుగా మూత్రం పోయలేదంటే ఆస్పత్రికి వెళ్లాల్సిన సంగతి.

తెలివి: పిలిస్తే పలుకుతున్నాడా, తల్లిని గుర్తుపడుతున్నాడా, పాలు తాగుతున్నాడా? ఊరికే చిరాకు పడటం, ఆ తర్వాత మగతగా పడుకోవడం మెదడుకు తగ్గుతోందనడానికి గుర్తు. "అలిసిపోయి నిద్రపోతున్నాడు" అని వదిలేయొద్దు. లేపి చూడండి.

శ్వాస, గుండె వేగం: ఉన్న కాస్త రక్తంతోనే పని నెట్టుకురావడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. జ్వరం లేకపోయినా గుండె దడదడలాడుతుంటే డాక్టర్లు జాగ్రత్త పడతారు.

■ 5. నుదుటి మీద స్టిక్కర్ యంత్రం

కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో, ముఖ్యంగా పిల్లల గుండె ఆపరేషన్లు చేసేచోట, బిడ్డ నుదుటి మీద ఒక స్టిక్కర్, నడుము పక్కన కిడ్నీ ఉండే చోట ఇంకో స్టిక్కర్ అంటించి తీగ కలుపుతారు. చూసిన తల్లిదండ్రులు భయపడతారు. ఇది కరెంటు పెట్టే యంత్రం కాదు. దీన్ని నిర్స్ అంటారు. నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ అనే పెద్ద పేరుకు పొట్టి పేరు.

పని చేసే తీరు వేలి క్లిప్పుకు అక్క లాంటిది. కంటికి కనిపించని వెలుగు చర్మం, ఎముక దాటి కొన్ని సెంటీమీటర్ల లోపలికి వెళ్లి తిరిగి వస్తుంది. స్టిక్కర్‌లో దగ్గరగా ఒక కన్ను, దూరంగా ఒక కన్ను ఉంటాయి. దగ్గరి కన్ను పైపొరల సంగతి, దూరపు కన్ను లోపలి సంగతి చూస్తాయి. పైపొరల లెక్క తీసేస్తే లోపల మెదడులో సంగతి మిగులుతుంది. ఈ వెలుగు ఒంట్లోకి దూరి ఆక్సిజన్ సంగతి చెప్పగలదని 1977లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్స్ యోబ్సిస్ చూపించారు.

క్లిప్పుకు, దీనికి తేడా ఏమిటంటే – క్లిప్పు ప్లాంటు దగ్గర బయల్దేరే ఆటోను చూస్తుంది. నిర్స్ వీధిలో ఉన్న ఆటోలను చూస్తుంది. వాటిలో ఎక్కువ భాగం టిన్నులు దించేసి తిరిగి వెళ్తున్నవే. 98 టిన్నులతో వచ్చి, వీధికి కావాల్సినవి ఇచ్చి, ఇంకా 70 మిగిలాయంటే ఆ వీధికి కరువు లేదు. 40 మాత్రమే మిగిలాయంటే? ఆటోలు తక్కువ వస్తున్నాయి, వచ్చినప్పుడే జనం ఎగబడి తీసుకుంటున్నారు. నీళ్లకు కటకట మొదలైందన్నమాట.

అందుకే నుదుటి దగ్గర ఈ అంకె 60–80 మధ్య ఉండటం మామూలే. "క్లిప్పులో 98, నుదుటి దగ్గర 68 చూపిస్తోంది, మెదడుకు ఆక్సిజన్ పడిపోయింది" అని కంగారు పడకండి. ఇవి రెండు వేర్వేరు కొలతలు. డాక్టర్లు ఒక్క అంకెను కాదు, మార్పును చూస్తారు. మొదట ఉన్నదానికంటే ఐదో వంతు, అంటే 20 శాతం దాకా తగ్గినా, 50 కంటే కిందికి పోయినా కారణం వెతుకుతారు. గుండె బలహీనపడిందా, రక్తం తగ్గిందా, వెంటిలేటర్ సర్దాలా, జ్వరం, ఫిట్స్ వల్ల మెదడు ఎక్కువ వాడేస్తోందా అని చూస్తారు. నడుము దగ్గరి అంకె ముందు పడిపోయి, నుదుటి అంకె ఇంకా నిలబడి ఉంటే, ఒళ్లు శివారు వీధులకు ఆపడం మొదలుపెట్టిందని తెలుస్తుంది. బీపీ పడకముందే దొరికే హెచ్చరిక అది.

■ 6. ఆ యంత్రం లేని ఆస్పత్రి అయితే మా బిడ్డకు అన్యాయం జరిగినట్టా?

కాదు. ఈ సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. ఎందుకంటే యంత్రం పేరు చెప్పి అప్పులు చేసి, పుస్తెలు తాకట్టు పెట్టి ఆస్పత్రులు మారే కుటుంబాలు ఉంటాయి.

నిర్స్ ఒక కాపలా యంత్రం. చికిత్స కాదు. పిల్లల గుండె ఆపరేషన్లలో దీన్ని విస్తృతంగా వాడుతున్నారు. కానీ అన్ని జబ్బుల్లో ఇది ప్రాణాలు కాపాడుతుందని రుజువు కాలేదు. 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో 17 దేశాల్లో బాగా నెలలు తక్కువగా పుట్టిన 1,601 మంది శిశువులను చూశారు. నుదుటి యంత్రం చూస్తూ చికిత్స చేసినవాళ్లకు, మామూలు పద్ధతిలో చూసినవాళ్లకు మధ్య మరణాల్లో కానీ, తీవ్రమైన మెదడు దెబ్బలో కానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కాబట్టి బిడ్డకు ముందు కావాల్సినవి ఇవి: సమయానికి ఆస్పత్రి, పాదం పట్టుకుని చూసే డాక్టర్, గంట గంటకూ రాసుకునే నర్సు, ఆక్సిజన్, సెలైన్, యాంటీబయాటిక్స్, అవసరమైతే రక్తం, వెంటిలేటర్. ఇవన్నీ ఉండి స్టిక్కర్ యంత్రం లేకపోతే కొంప మునగదు. ఇవి లేకుండా స్టిక్కర్ ఒక్కటే ఉంటే ప్రయోజనం లేదు.

■ 7. డాక్టర్‌ను, నర్సును ఏం అడగాలి?

ఐసీయూలో వాళ్లు హడావిడిలో ఉంటారు. రౌండ్స్ అయ్యాక మర్యాదగా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పించుకోవడం మీ హక్కు.

1. డాక్టరు గారూ, ఊపిరితిత్తుల్లో ఇబ్బందా, గుండె–రక్తప్రసరణలో ఇబ్బందా?
2. నిన్నటికి ఇవాళ్టికి చేతులు వెచ్చబడ్డాయా? మూత్రం పెరిగిందా?
3. రక్తం ఎంత ఉంది? ఎక్కించాల్సి ఉంటుందా?
4. మానిటర్‌లో ఏ అంకె మా బిడ్డకు మంచిది? ఎంతకు తగ్గితే మీరు జాగ్రత్త పడతారు?

మానిటర్ గంట మోగిన ప్రతిసారీ ఆపద అనుకోకండి. బిడ్డ కదిలినా, స్టిక్కర్ ఊడినా మోగుతుంది. నర్సును పిలవండి. మీరు మాత్రం తీగలు, స్టిక్కర్లు, బటన్లు ముట్టుకోవద్దు. స్టిక్కర్ కింద చర్మం కందినట్టు కనిపిస్తే చెప్పండి, చోటు మారుస్తారు.

■ 8. పథకం కింద ఎలా?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పిల్లల తీవ్ర జబ్బులు, పుట్టుకతో వచ్చే గుండె లోపాల ఆపరేషన్లు ఇందులో ఉన్నాయి.

ఆస్పత్రికి వెళ్లగానే: పథకం డెస్క్ దగ్గర ఉండే మిత్రను కలవండి. బియ్యం కార్డు లేదా పథకం కార్డు, ఆధార్ చూపించండి. బిడ్డ పేరు కార్డులో ఇంకా ఎక్కకపోతే జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ చూపించి ఏం చేయాలో మిత్రను అడగండి.

అత్యవసరమైతే: కాగితాల కోసం చికిత్స ఆగకూడదు. అత్యవసర కేసుల్లో ఆస్పత్రివాళ్లు ఫోన్ ద్వారా ముందస్తు అనుమతి తీసుకునే వీలుంది. "ముందు డబ్బు కట్టండి, తర్వాత చూద్దాం" అంటే 104కు ఫోన్ చేయండి.

ప్యాకేజీ అంటే: బెడ్, డాక్టర్, పరీక్షలు, మందులు, భోజనం కలిపి ఒకే లెక్క. ఏ మానిటర్ పెట్టాలో డాక్టర్ నిర్ణయిస్తారు. ప్యాకేజీలో చేరిన బిడ్డకు "ఈ యంత్రానికి విడిగా కట్టండి" అని అడిగితే ఒప్పుకోవద్దు. రసీదు అడగండి, 104కు చెప్పండి.

ప్యాకేజీలో ఏ జబ్బులున్నాయి, పరిమితి ఎంత అనేవి ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి. వాట్సాప్‌లో తిరిగే పాత కాగితాలు నమ్మకుండా 104లో అడగండి. మీ బిడ్డ జబ్బు ప్యాకేజీలో లేకపోయినా ప్రభుత్వ ఆస్పత్రిలో చికిత్స ఉంది. ఎన్టీఆర్ జిల్లావాళ్లకు విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి దగ్గరలోనే ఉంది.

గుండె లోపం అనుమానం ఉంటే: అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆర్బీఎస్కే బృందానికి చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూస్తోంది. తిరుపతిలో టీటీడీ 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో పిల్లలకు గుండె ఆపరేషన్లు చేస్తున్నారు.

డిశ్చార్జ్ రోజున: సమ్మరీ కాగితం, మందులు, మళ్లీ ఎప్పుడు రావాలో తీసుకోండి. ఎన్ని రోజుల మందులు పథకం కింద ఇస్తారో అడగండి. సమ్మరీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. కాగితం పోయినా పని ఆగదు.

■ 9. ఇంటి దగ్గర ఎప్పుడు 108?

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా క్లిప్పులో ఎంత చూపించినా ఆగొద్దు:

• శ్వాస వేగం: 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా ఎక్కువ, 2–12 నెలల బిడ్డకు 50 లేదా ఎక్కువ, 1–5 ఏళ్ల బిడ్డకు 40 లేదా ఎక్కువ. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి.
• ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, మూలగడం
• పెదాలు, నాలుక నీలంగా మారడం
• చేతులు, పాదాలు చల్లబడటం
• 6 గంటలుగా మూత్రం లేకపోవడం
• పాలు తాగలేకపోవడం, తిన్నదంతా వాంతి కావడం
• మగత, ఫిట్స్
• జ్వరం తగ్గాక కూడా కడుపునొప్పి, నీరసం, ముక్కు–చిగుళ్ల నుంచి రక్తం

108 వచ్చేదాకా బిడ్డను వెచ్చగా ఉంచండి. మగతగా ఉన్న బిడ్డ నోట్లో నీళ్లు, పాలు పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కొండపల్లి నుంచి అంబులెన్స్ ఇబ్రహీంపట్నం, గొల్లపూడి మీదుగా విజయవాడ చేరాలి. సుమారు 20 కిలోమీటర్లు. దారిలోనే ఆక్సిజన్ పెట్టే వీలు అంబులెన్స్‌లో ఉంటుంది. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్తే ఆ వీలు ఉండదు.

■ 10. సందేహాలు – జవాబులు

ప్రశ్న: ఇంట్లో వేలి క్లిప్పు కొనుక్కోవాలా?
జవాబు: తప్పనిసరి కాదు. కోవిడ్ రోజుల్లో కొన్న క్లిప్పులు పెద్దవాళ్ల వేలికి సరిపోయేవి. పసిపిల్లల వేలికి వదులుగా ఉండి తప్పు చూపిస్తాయి. శ్వాస లెక్కపెట్టడం, చేతులు పట్టుకుని చూడటం నేర్చుకుంటే అంతకంటే మేలు.

ప్రశ్న: ఈ వెలుగుల వల్ల బిడ్డ మెదడుకు చెడు జరుగుతుందా?
జవాబు: లేదు. ఇవి ఎక్స్‌రేలు కావు. గంటల తరబడి పెట్టినా ప్రమాదం లేదు. ఒకేచోట ఎక్కువసేపు ఉంటే చర్మం కందవచ్చు, అంతే.

ప్రశ్న: డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పెరిగితే గండం గడిచినట్టేనా?
జవాబు: ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చాలదు. చేతులు వెచ్చబడటం, మూత్రం బాగా రావడం, ఆకలి పుట్టడం – ఇవి కోలుకుంటున్న గుర్తులు.

ప్రశ్న: క్లిప్పులో 98 ఉంది, డాక్టర్ పెద్దాస్పత్రికి పంపుతున్నారు. వెళ్లాలా?
జవాబు: వెళ్లాలి. ఆయన అంకెను కాదు, బిడ్డను చూసి పంపుతున్నారు. నమ్మకం కుదరకపోతే "డాక్టరు గారూ, ఏ గుర్తు చూసి పంపుతున్నారో చెప్పండి" అని అడగండి. చెబుతారు.

చివరగా ఒక్క మాట. మీకు యంత్రం భాష రాకపోవచ్చు. కానీ మీ బిడ్డ అరచేయి ఎప్పుడూ ఎంత వెచ్చగా ఉంటుందో మీకంటే బాగా ఏ డాక్టర్‌కూ తెలియదు. ఆ వెచ్చదనం తగ్గిందనిపిస్తే నోరు తెరిచి చెప్పండి. "అంకె బాగానే ఉందిగా" అని ఎవరైనా అంటే, "చేయి ఒకసారి పట్టుకుని చూడండి" అనండి.

అత్యవసర అంబులెన్స్: 108
పథకం వివరాలు, ఫిర్యాదులు: 104

ఈ పీడీఎఫ్ అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ మాటే పాటించండి. చిన్నపిల్లలున్న ప్రతి ఇంటికీ, మీ వీధి గ్రూపుకూ దీన్ని పంపండి.